మంచానికి కోళ్ళుంటాయి

దొంగ మళ్ళీ చేతివాటం చూపించింది. పదకొండింటికి కచేరీ టికెట్ల అమ్మకం మొదలైతే పదకొండూ మూడుకల్లా రెండు వందల టికెట్లూ హుష్‌కాకి! పదకొండున్నరకి అవే టికెట్లు ఇంకో సైటులో పదింతల ధరకి దర్జాగా కూర్చున్నాయి.

టికెట్ల కంపెనీలో కాపలా పని చూసే అల్లుడు తల పట్టుకున్నాడు. కాపలా అంటే గేటు దగ్గర కర్ర పట్టుకుని కాదు, కంప్యూటర్ ముందు కాఫీ పట్టుకుని. ఆఫీసులో అతనికి పెద్ద హోదానే ఉంది. ఇంట్లో మాత్రం అత్తగారి పిలుపే అందరికీ అలవాటైపోయింది కాబట్టి మనకీ అల్లుడే.

ఆ దొంగ మనిషి కాదు, మర. అభిమాని తన పేరు టైపు చేసేలోపు అది వంద పేర్లతో వంద ఫారాలు నింపేస్తుంది. దానికి ఉన్న అడ్డల్లా ఒక్కటే, 'మీరు మనిషేనా?' అని అడిగే బొమ్మల పరీక్ష. బస్సుల్నీ ట్రాఫిక్ లైట్లనీ గుర్తుపట్టడం మరలు ఎప్పుడో నేర్చేసుకున్నాయి. అందుకని అల్లుడు బుర్ర బద్దలుకొట్టుకుని అచ్చ తెలుగు పరీక్ష ఒకటి తయారుచేశాడు.

మొన్న మొదటి విడతలో 'పళ్ళున్న బొమ్మలు నొక్కండి' అని అడిగాడు. దొంగ ద్రాక్షగుత్తిని నొక్కింది, కోరలు చూపిస్తున్న కుక్కని నొక్కింది, దువ్వెననీ రంపాన్నీ కూడా నొక్కింది. నోరంతా తెరిచి నవ్వుతున్న బోసినోటి తాతని మాత్రం ముట్టుకోలేదు. అసలు మనుషులేమో సగంమంది దువ్వెన దగ్గర తప్పి ఇంటిదారి పట్టారు.

ఇవాళ రెండో విడతలో 'చెవులున్నవి' అడిగితే, కుందేలుతోపాటు తాళంచెవిని కూడా టక్కున నొక్కేసింది.

"మనుషుల్ని గెంటేసి మరని లోపలికి పంపుతోందయ్యా మీ పరీక్ష!" అంది మేనేజరు మేడమ్. "అది నిఘంటువు మింగేసి కూర్చుంది."

రేపటిదే ఆఖరి విడత. అల్లుడి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ కచేరీ మీద ప్రాణాలు పెట్టుకున్నది వాళ్ళ అత్తగారు. ముప్ఫై ఏళ్ళుగా అందులో పాడే గాయకుడి పాట వినందే ఆవిడ పొయ్యి వెలిగించలేదు. ఎదురుగా కూర్చుని విన్నది మాత్రం ఒక్కసారీ లేదు. ఇప్పుడాయన పాడటం మానేస్తున్నాడు, ఇదే చివరి కచేరీ. ఉద్యోగులు ఇంటివాళ్ళకి టికెట్ తీసిపెట్టకూడదని కంపెనీ రూలు. కూతురు అందరిలాగే ఫోనులో ప్రయత్నిస్తే రెండుసార్లూ 'మీ ముందు ఎనభై వేల మంది ఉన్నారు' అని వచ్చి, పరీక్షదాకా పోకుండానే అమ్మకం అయిపోయింది.

సాయంత్రం గుమ్మంలోనే అత్తగారు ఎదురొచ్చింది.

"దొరికిందా అల్లుడుగారూ?"

"లేదత్తయ్యా. మళ్ళీ ఆ మరే ఊడ్చుకుపోయింది."

"దాని చేతులు పడిపోను!" అని ఆవిడ మెటికలు విరిచింది.

"మరకి చేతులుండవత్తయ్యా."

"ఉంటే పడిపోతాయి. నా నోటి మాట ఊరికే పోదు."

అల్లుడికి నవ్వొచ్చింది. ఎలాగైనా ఆవిణ్ణి ఆ కచేరీలో కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. రాత్రి అన్నం తింటూ తింటూ ఎగిరి గంతేశాడు. వెంటనే మేడమ్‌కి ఫోన్ చేశాడు.

"రేపు 'కోళ్ళున్న బొమ్మలు నొక్కండి' అని అడుగుదాం మేడమ్. ఎనిమిది బొమ్మల్లో కోళ్ళుంటాయి, తొమ్మిదోది మంచం."

"మంచం మీద కోళ్ళెందుకుంటాయయ్యా?"

"మీద కాదు, కింద! మంచం కాళ్ళని కోళ్ళంటారు. ఈ కాలంలో ఆ మాట ఎవరికి గుర్తుంది? నొక్కనివాళ్ళందర్నీ పాస్ చేసేద్దాం. మంచం నొక్కిందంటే అది నిఘంటువు మింగిన మరే. పట్టుకుందాం!"

మేడమ్ మురిసిపోయింది. ఆఫీసులో ఎవరో ప్రశ్నలు బయటికి చేరవేస్తున్నారని ఆవిడ అనుమానం. అందుకే ఎవరి చెవినా వేయకుండా, ఇంటి నుంచే పరీక్ష పెట్టమంది.

మర్నాడు పదకొండింటికి అల్లుడు హాల్లో కంప్యూటర్ ముందు, చెవిలో మేడమ్ గొంతుతో సిద్ధంగా ఉన్నాడు. అమ్మకం మొదలైంది. నాలుగు సెకన్లు గడిచాయో లేదో, తెర మీద ఎర్రగీత వెలిగింది. మంచం! ఇంకో నాలుగు సెకన్లకి మళ్ళీ మంచం! మళ్ళీ!

"పడింది మేడమ్, బోనులో పడింది!" అని అల్లుడు కుర్చీలోంచి లేచి చిందులేశాడు. "అన్నీ ఒకే చోటు నుంచి వస్తున్నాయి. ఆపేశాను. ఇప్పుడిక టికెట్లు మనుషులకే!"

ఆ సంతోషం పట్టలేక, కబురు చెబుదామని అత్తగారి గదిలోకి పరుగెత్తాడు. మామూలుగా ఆ వేళకి అతను ఆఫీసులో ఉంటాడు కాబట్టి, ఆవిడ ఆ సమయంలో ఏం చేస్తుందో అతనికి తెలియదు.

కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఆవిడ కూతురి పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర మీద తొమ్మిది బొమ్మలున్నాయి. ఎనిమిదింట్లో కోళ్ళు. మౌస్ బాణం తొమ్మిదోదాని మీద ఉంది.

"ఒక్క నిమిషం అల్లుడుగారూ," అంది అత్తగారు తల తిప్పకుండా, "ఎవరో బొమ్మలు పంపుతారు, నేను నొక్కుతాను, నెల్లాళ్ళ నుంచీ ఇదే నా ఉద్యోగం; ఇవాళ్టి కూలి కూడా పడిందంటే మీ దొంగ మర పదింతలకి అమ్మే టికెట్ నేనే కొనేసుకుంటాను!"