శుభ్రమైన తిండి

నాన్నకు కాలేయంలో భాగం ఇవ్వడానికి పిల్లలిద్దరి రక్తమూ సరిపోయింది, బరువే అడ్డొచ్చింది. ముందుగా ఐదు కిలోలు తగ్గినవారే దాత అన్నారు వైద్యులు.

నెల గడిచినా తగ్గని తమ్ముడు, అక్క రోజూ తనకు పెట్టే గిన్నెను వంటింటి త్రాసుపై కుదేశాడు.

“బాదం, తేనె, కొబ్బరి! ఒక్క గిన్నెలో తొమ్మిది వందల కేలరీలా?”

“అంకెలు కాదురా, తిండి శుభ్రంగా ఉందో లేదో చూడు.”

“శుభ్రమట! నువ్వు తగ్గవు, నన్ను తగ్గనివ్వవు. నాన్న పోయాక ఎవరికి దంచుతావీ ఉపన్యాసం?”

అక్క తన చిన్న పుస్తకాన్ని అతని ముఖాన కొట్టింది. నెల రోజులుగా ఆమె తిన్న ప్రతి ముద్దకూ అందులో కేలరీల లెక్క ఉంది. చివరి పేజీలో ఆసుపత్రి కాగితం: ఐదు కిలోలు తగ్గిన దాతగా ఆమె పేరు, సోమవారం శస్త్రచికిత్స.

“నీ కూతురికి ఇంకా పళ్లు కూడా రాలేదురా, వెధవా. నోరు మూసుకుని తిను.”