విమానం దిగేదాకా

"ఆ చీపురు అక్కడ పెట్టు!"

వెంకటరావమ్మ కేకకు కోడలు సామ్రాజ్యం ఉలిక్కిపడి తుమ్మింది. వరండా నిండా మిరప తొడిమలు, గింజలు. కాయలు నిన్ననే బస్తాలకెక్కి గుంటూరు వెళ్లాయి గానీ, ఘాటు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

"ఊపిరాడటం లేదత్తయ్యా. ఊడ్చుకోనివ్వండి."

"కోటిరత్నం చేరిన కబురు రానీ. మనిషి ఊరికి పోతే, చేరేదాకా ఇల్లు ఊడవకూడదు."

"అది ఎడ్లబండ్లనాటి మాట. చిన్నత్తయ్య వెళ్లింది విమానంలో. గన్నవరంలో ఎక్కితే హైదరాబాదుకి గంట కూడా పట్టదంట."

వెంకటరావమ్మ లేచి నిలబడింది. "గంటా! రైల్లో రాత్రంతా కూర్చోవాలి గదే. అంత దూరం ఎటు పోయింది?"

"ఎటూ పోలేదు. పైన మలుపుల్లేవు, స్టేషన్లు లేవు. తిన్నగా పోద్ది."

"రైలు కుదుపు పడదని డాక్టరు అన్నాడని విమానం ఎక్కిస్తే, వీళ్లు ఇంత జోరుగా తోలతారా! గుండె జబ్బు మనిషిని పెట్టుకుని!"

"మీ అబ్బాయి పక్కనే ఉన్నారుగా."

"వాడా? కూర్చోగానే గురక పెడతాడు."

సామ్రాజ్యం నవ్వింది. అత్తగారు నవ్వలేదు.

పదేళ్ల కిందట ఒక ట్రంకుపెట్టెతో ఈ ఇంటికి వచ్చిన కోటిరత్నం మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటూ, పులుసులో ఉప్పు గురించి రోజూ పోట్లాడుకునేవాళ్లు. ఇవాళ తెల్లవారుతూనే కారెక్కుతూ, "అక్కా, అన్నం మానెయ్యకు" అంది కోటిరత్నం. అప్పట్నుంచి వెంకటరావమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"మీ మామగారు వెళ్లిన పూట, బండి మలుపు తిరగకముందే చీపురు పట్టాను" అంది మెల్లగా. "ఆ మనిషి మళ్లీ ఈ మెట్టెక్కాడా?"

సామ్రాజ్యం చీపురు మూలన పెట్టేసింది.

మధ్యాహ్నపు ఎండ వరండాలోకి పాకేసరికి ఎదురు కొట్టు మొహిద్దీన్ బాషా పరుగున వచ్చాడు. ఆ వీధి మొత్తానికి ఫోనున్నది అతని మిరపకాయల కొట్లోనే.

"పెద్దమ్మా, మీ అబ్బాయి ఫోను! చేరారంట. ఆస్పత్రిలో డాక్టరు చూసి, భయం లేదు, ఆపరేషనుకి తట్టుకుంటుంది అన్నాడంట."

"అదేమందిరా?"

"విమానంలో పనిచేసే అమ్మాయి చెవుల్లో పెట్టుకోను దూది ఇచ్చిందంట. 'మా పత్తి ఇక్కడిక్కూడా వచ్చిందా' అని ఆ అమ్మాయిని అడిగిందంట! మీరు తిన్నారో లేదో కనుక్కోమందంట."

వెంకటరావమ్మ స్తంభానికి ఆనుకుని అలాగే కూలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "పాడు ఘాటు" అంది. "ఇంకా చూస్తావేమే? ఊడువు. ఊడ్చి అన్నం పెట్టు."

"మామగారి కోసం కూడా ఇంత బెంగ పడి ఉండరు మీరు."

"ఆయన సంగతి వేరు. ఇది లేకపోతే నేనెవరితో పోట్లాడనే?"

కోటిరత్నం ఆమెకు సవతి.