ఉడుత పరపతి

ఏమర్రా, ఒకరి పరపతి ఎంతో, దూరంనుంచి వచ్చినవాళ్లకు తెలుస్తుందా, పక్కనున్నవాళ్లకా?

మడుగు పొంగింది. పిల్లలకు తిండి లేక ఉడుత చీమలను గింజలు అప్పడిగింది. తిరిగిస్తుందా అని పెద్దచీమ దేశాలు తిరిగే కొంగను అడిగింది.

"తొర్రంతా చూశాను. ఒక్క గింజ లేదు. ఇవ్వకండి," అంది కొంగ.

ఎవరి అప్పు తీరుతుందో చూసి చెప్పడమే ఆ అడవిలో గోరింక పని. "గింజలు మడుగు గట్టున పాతిపెట్టుకుందమ్మా! నీళ్లు తగ్గాక తవ్వి ఇచ్చేస్తుంది," అంది గోరింక.

"నీకు రోజూ పండు పెట్టేది ఉడుతేగా?" అంది పెద్దచీమ.

"అవును. పొద్దస్తమానం కనిపెట్టి చూసినందుకు కూలి మీరిస్తారా?"

చీమలు తమ గింజల కుప్పకు ఇంకా దగ్గరగా జరిగాయి.

"నా మాట ఒక్కసారి తప్పితే మళ్లీ నన్నెవరడుగుతారు?" అంది గోరింక.

పెద్దచీమకు ఏమీ పాలుపోలేదు. కొంగకు ఈ అడవి తెలియదు. గోరింక తినేది ఉడుత సొమ్ము. చివరికి అడిగినదాంట్లో సగమే ఇచ్చింది.

ఆ కాసినీ ఏ పిల్లకు పెట్టాలో తెలియక ఉడుత తొర్ర ముందే నిలబడిపోయింది.

ఎవరిని నమ్మాల్సిందంటారా? నాకూ తేల్లేదర్రా. మీరు ఆలోచిస్తూ ఉండండి. రోట్లో పప్పు అలాగే ఉంది, రుబ్బేసి వస్తాను.