సార్‌కు చెప్పిన కథ

విమలాదేవి మళ్లీ ఆ వంగపండు రంగు చీర కట్టింది. అమరనాథ్‌కు ఒళ్లు మండింది. పెళ్లిళ్లకు తప్ప బీరువాలోంచి తీయని చీర అది.

"ఇయ్యాల గూడ పోవుడేనా?"

"పోకుంటె సార్ అలుగుతడు. డబ్బాల సకినాలు గూడ పెట్టుకున్న."

సకినాలు! ఇన్నాళ్లూ బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం మూసి ఇంటికొస్తే, చాయ్‌తో పాటు ఆమె చేతి సకినాలు ఆయనకే దొరికేవి. పక్కన ఆమె కూర్చునేది. ఇప్పుడు చాయ్ ఫ్లాస్కులో ఉంటోంది, ఆమె బడి డాబా మీద ఉంటోంది.

గల్లీ చివరి బడిలో చుక్కల క్లాసు పెట్టినప్పటి నుంచీ ఇదే వరస. నక్షత్రాలతో పాటు వాటి మీద కథలు, పాటలు, ముగ్గులు కూడా పిల్లలకు నేర్పుతారట. పెద్దవాళ్లు వచ్చి కథలు చెబితే, బదులుగా టెలిస్కోపులో చుక్కలు చూపించి పాఠం చెబుతారట. అందరికంటే ముందు చెయ్యెత్తింది ఈవిడే.

ఇంటికొస్తే ఒకటే జపం. అభిషేక్ సార్ గురుగ్రహం చూపించాడు. అభిషేక్ సార్ శనికి రింగు గీశాడు.

"పేరు వెట్టి పిలిస్తె ఊకుంటలేడు. క్లాసుల సార్ అనాల్నట," అని ముసిముసిగా నవ్వింది కూడా.

పేరు పెట్టి పిలిచేదాకా వచ్చిందన్నమాట! ఆ పూట అమరనాథ్‌కు అన్నం సయించలేదు.

మధ్యలో ఒక వారం ఆమె ఇంట్లోనే ఉంది. ఆయన ప్రాణం లేచొచ్చింది. "సార్‌కు పరీక్షలున్నయి," అని ఆమె దిగులుగా అనేసరికి ఆ సంబరమూ పోయింది.

అదీ ఓర్చుకున్నాడు. నిన్నటి మాట మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

"పిల్లలకోడి కథ చెప్పిన. సార్ మస్తు ఖుష్ అయిండు."

ఆకాశంలో గుంపుగా కనబడే ఆ చిన్న చుక్కల కథను, పెళ్లయిన కొత్తలో డాబా మీద పడుకుని ఆయన ఒక్కడికే చెప్పింది. అది తమ ఇద్దరిదే అనుకున్నాడు, పిచ్చివాడు.

ఆమె అటు వెళ్లగానే చెప్పులేసుకుని వెనకే బయల్దేరాడు. లొల్లి అయితే అయింది, ఆ సార్‌తో తాడోపేడో తేల్చుకోవాల్సిందే. బడి మెట్లెక్కుతూ మీసం కూడా సర్దుకున్నాడు.

డాబా తలుపు తోసి గట్టిగా అరిచాడు.

"ఎవడ్రా ఆ అభిషేక్ సార్?"

చాపల మీద కూర్చున్న పెద్దవాళ్లంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు.

టెలిస్కోపు అందక స్టూలెక్కి నిలబడ్డ నిక్కరు పిల్లాడు, నోట్లోని సకినం గబగబా మింగి, "నేనే తాతా, ఆరో తరగతి బి సెక్షను, లేటుగ వచ్చినోళ్లు ఎనక కూసోవాలె" అన్నాడు.