గ్రూపులో పెట్టిన గొంతు

"ఈ గొంతు నీదేనా, ఏడుకొండలూ?"

ఫ్లెక్సుల దుకాణం యజమాని మనోరమ ఫోన్ టేబుల్ మీద పెట్టింది. ఏడుకొండలు పొద్దున ఒక నాయకుణ్ణి తిట్టిన బూతు అందులోంచి మళ్లీ వినబడింది. అదే నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సు పక్కనే మిషన్‌లోంచి మెల్లగా బయటికొస్తోంది.

"నోరు జారిందండీ. పనిలోంచి తీసెయ్యకండి మేడం. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

ఆ మాట రికార్డు చేసిన తోటి పనివాడు అనురాగ్ గోడకానుకుని నవ్వాడు. "మా లీడర్‌ను గట్ల తిడ్తే ఊకుంటమా మేడం? తీసెయ్యాల్సిందే."

"తీసేస్త. గని నాకు గాక ఇంకెవరికి పంపినవ్?"

"మా పార్టీ గ్రూపుల పెట్టిన. దుకాణం పేరు గూడ రాసిన."

మనోరమ మొహం పాలిపోయింది. "పాగల్‌గానివా? ఎవరన్నరని వాళ్లడగరు. యాడ అన్నరో తెలిస్తే చాలు. షట్టర్ దించు!"

అనురాగ్ షట్టర్ కిందికి లాగేసరికి చిక్కడపల్లి సందులో బైకులు వరసగా ఆగాయి. "తిట్టినోన్ని బయటికి తోలుండ్రి!" అని ఎవరో అరిచారు. షట్టర్ మీద కర్ర పడింది.

"నీవాళ్లే కదరా. పోయి చెప్పు," అంది మనోరమ.

అనురాగ్ కదల్లేదు. "గ్రూపుల నా నంబరే ఉంది మేడం. నా మొహం వాళ్లల్ల ఒక్కనికి గూడ తెల్వదు."

రెండో దెబ్బకు షట్టర్ లోపలికి సొట్టపడింది. అప్పటికే అనురాగ్ ఏడుకొండలు వెనక నక్కి, అతని చొక్కాను గట్టిగా పట్టుకున్నాడు. ఏడుకొండలు ఆ చెయ్యి విడిపించుకోలేదు.