గోడకు ఆనని తల

"పొద్దున లేవగానే నడుం కొయ్యబారిపోద్దా అబ్బాయ్?"

త్రికోటేశ్వరరావు ఉలిక్కిపడి పక్కకు చూశాడు.

నరసరావుపేటలో డాక్టరు గది బయట, వరండా బల్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. వీపు కొడవలిలా వంగిపోయింది. గడ్డం రొమ్ముకు ఆనింది. పాపం, ఎదుటివాళ్ళ పాదాలు తప్ప ఆయనకేమీ కనిపించవు.

"మీకెట్టా తెలుసు తాతా?"

"పనిలో పడితే తగ్గిద్ది. కూర్చుంటే మళ్ళీ పట్టుద్ది. అంతేనా?"

అంతే. పత్తి మిల్లులో బేళ్ళు ఎత్తే ఆ కుర్రాడికి ఏడాదిగా అచ్చం అలాగే ఉంటోంది.

"నాకూ నీ వయసులోనే మొదలయింది," అన్నాడు ఆయన.

త్రికోటేశ్వరరావు ఆ వంగిన వీపు వంక చూసి, తన నడుం నిటారు చేసుకున్నాడు.

"రోజూ గోడకు మడమలు ఆనించి నిలబడు. తల కూడా గోడకు తగలాల. తగల్లేదంటే వెన్ను వంగుతున్నట్టే. మంచాన మాత్రం పడబాకు."

"ఒరేయ్ కోటీ, ఇటు రా," అంటూ తల్లి రాఘవమ్మ కొడుకు చెయ్యి పట్టి లాగింది. భయపడిన ఆడమనిషి కొంగుతో మొహం కప్పుకుంటుంది. ఆమె మాత్రం చీర కుచ్చిళ్ళు కిందికి దించి, ఆరు వేళ్ళున్న ఎడమ పాదం కప్పుకుంది.

"ఎవరో పిచ్చోడు. మాట్లాడబాకు."

లోపల డాక్టరు రక్తపరీక్ష చూసి కళ్ళజోడు తీశాడు.

"ఈఎస్సార్ బాగా ఎక్కువుంది. ఒంట్లో ఎక్కడో వాపు నడుస్తోంది. ఎక్స్‌రేలో మాత్రం ఇంకా ఏమీ తేలటం లేదు. మీ ఇళ్ళల్లో ఎవరికైనా వెన్ను వంగిపోయిందా అమ్మా?"

"లేదయ్యా."

"మీ పుట్టింటి వైపు? బాగా గుర్తు చేసుకోండి. దాన్నిబట్టి మందు మారుతుంది."

"నాకు తోడబుట్టినోళ్ళే లేరయ్యా."

"అయితే వెన్నులో క్షయ అనుకోవాల్సిందే. మందులు రాస్తాను. మంచం దిగకూడదు."

శావల్యాపురం బస్సులో రాఘవమ్మ కొడుకు చెవిలో చెప్పింది.

"పెళ్ళి కావలసినోడివి. వెన్నుజబ్బని ఎవురికీ చెప్పబాకు. మిల్లులో జారిపడ్డావని చెబుదాం."

ఊరంతా అదే నమ్మింది.

కోటి మంచం ఎక్కాడు. నొప్పి మాత్రం మంచం దిగలేదు. తెల్లవారుజామున అటు ఇటు పొర్లటానికి కూడా మంచం పట్టె పట్టుకు లేవాల్సినంత బాధ.

తల్లి బావి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా దొంగలా లేచి గోడకు నిలబడేవాడు. మొదట్లో తల తగిలేది. వానలు తగ్గేసరికి వెనక ఒక వేలు పట్టేంత సందు వచ్చింది. చలికాలం వెళ్ళేసరికి నాలుగు వేళ్ళు దూరాయి.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. కళ్ళు మూసుకుంటే చాలు, ఆ వంగిన మనిషి కనిపించేవాడు. ఆ మనిషి మొహం మాత్రం తనదే.

ఒక మధ్యాహ్నం ఆయన నిజంగానే వచ్చాడు. బస్సు దిగి, కర్ర పోటేసుకుంటూ దడి దగ్గర ఆగాడు.

"అమ్మా, పిల్లోణ్ణి మంచాన పడేయబాకు. నన్నూ ఇట్టాగే నలుగురి కంటబడకుండా గదిలో పడుకోబెట్టారు. పడుకున్నోణ్ణి పడుకున్నట్టే బిగుసుకుపోయా."

లోపలి నుంచి కోటి అరిచాడు.

"అమ్మా, ఆయన్ని పంపెయ్. నాకు భయమేస్తంది."

రాఘవమ్మ తలుపు వేసింది. గడియ మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడింది. కర్ర చప్పుడు వీధి మలుపు తిరగటానికి చాలాసేపు పట్టింది.

ఎండలు ముదిరాక మళ్ళీ నరసరావుపేట వెళ్ళారు. వరండా బల్ల ఖాళీగా ఉంది. దాన్ని చూసి కోటికి ప్రాణం తెరిపిన పడింది.

డాక్టరు కొత్త రక్తపరీక్ష చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈఎస్సార్ ఏమాత్రం దిగలేదు. ఇది క్షయ కాదు. చెన్నకేశవులని, బయట బల్ల మీద కూర్చునేవాడు, గుర్తున్నాడా?"

రాఘవమ్మ కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది.

"మొన్న పోయాడు. పక్కటెముకలు కూడా బిగుసుకుపోయి ఊపిరి అందలేదు. వంశంలో దిగే వెన్నుజబ్బుకు రక్తంలో ఒక గుర్తు ఉంటుంది. ఇక్కడ చూడలేం. పోయేముందు తన రక్తం వేలూరు పెద్దాసుపత్రికి పంపమని పట్టుబట్టాడు. ఇప్పుడు తెలిసి నీకేం లాభమయ్యా అన్నాను. 'నా రక్తంలో ఉంటే ఆ శావల్యాపురం పిల్లోడికి కూడా చూడండి' అన్నాడు. నిన్న కబురొచ్చింది. ఆయనకు ఉంది."

"ఆయనకుంటే నాకెందుకు చూడాల?" అన్నాడు కోటి.

"ఎందుకో నేనెంత అడిగినా ఆయన చెప్పలేదు. నువ్వు మాత్రం ఇవాళ్టి నుంచే మంచం దిగు. కదులుతూ ఉండు. ఉన్న వెన్ను కాపాడుకుందాం. వచ్చిన వంపు పోతుందని మాత్రం చెప్పలేను."

బయటికి వచ్చాక రాఘవమ్మ బస్సు వైపు నడవలేదు. ఖాళీ బల్ల మీద ఒక చివర కూలబడింది.

కోటి ఆమె పక్కన కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చి గోడకు ఆనించాలని చూశాడు. ఆనలేదు.

"అమ్మా, ఎవరో దారిన పోయే తాతకు నా మీద అంత ఆరాటం ఏంది?"

రాఘవమ్మ కుచ్చిళ్ళు పక్కకు జరిపి ఆరు వేళ్ళున్న తన ఎడమ పాదం బయటపెట్టింది.

"తాత కాదురా, నాకన్నా చిన్నోడు," అంది. "కోటప్పకొండ మీద నీ పుట్టెంట్రుకలు తీసినప్పుడు, మేనమామగా నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది వాడే."