అమెరికా మిషను గోల

“బేరింగయితే మూలుగుద్దమ్మగారూ. బోల్టు వదులైతే దడదడలాడుద్ది. ఇదేమో గరగరమంటంది. లోపల గట్టిదేదో పడింది,” అన్నాడు యోబు, స్క్రూడ్రైవరు కొన మిషనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని.

“పడిందో, నువ్వే పాడుచేశావో! పోయిన సోమవారం కారే పైపు బిగించిపోయావు చూడు, ఆ సాయంత్రం నుంచే ఈ గోల,” అంది వీరరాఘవమ్మ.

ఎవరో ఒకరిని దోషిని చెయ్యడం ఆవిడ నోటికి కొత్త కాదు.

ఆ మిషను ఆవిడ భర్త, ఇంజనీరు ధనుంజయరావు ట్రెయినింగుకు వెళ్ళి అమెరికా నుంచి తెచ్చుకున్నది. సింకు కింద బిగిస్తే కూరగాయల తొక్కలు, ఎంగిలి మెతుకులు నమిలి నీళ్ళలో కలిపేస్తుంది. మాచర్ల చుట్టుపక్కల అలాంటిది ఇంకొకటి లేదు. కుడితిలో పోయాల్సింది కాలవపాలు చేస్తున్నారని డ్యాం కాలనీలో బర్రెలున్నవాళ్ళంతా నవ్వుకున్నారు. మన కరెంటుకు అది నడిచేలా ట్రాన్స్‌ఫార్మరు కట్టింది వర్క్‌షాపులో యోబే. అందుకే అతని పెళ్ళాన్ని దొంగని చేసి వెళ్ళగొట్టిన ఇంటికి మళ్ళీ అతన్నే పిలవాల్సి వచ్చింది.

అది జరిగి మూడు నెలలు. వీరరాఘవమ్మ ఎర్రరాయి ముక్కుపుడక కనపడకుండా పోయింది. అంట్లు తోమే పాపమ్మే తీసిందని, క్వార్టర్ల వీధి నడిమధ్య నిలబడి “దొంగముండ” అని అరిచింది ఆవిడ. పోలీసులు పాపమ్మను రెండు పూటలు నిలబెట్టి, ఏమీ దొరక్క వదిలేశారు. వదిలేస్తే మాత్రం ఏం లాభం? ఆమె వస్తుంటే ఆడవాళ్ళు గిన్నెలు లోపల పెట్టుకునేవారు. చర్చిలో పక్కవాళ్ళు జరిగి కూర్చునేవారు. చివరికి పాపమ్మ చర్చికి పోవడమే మానేసింది.

యోబుకు ఇంకేమీ అక్కర్లేదు. ఏ నోరు ఆ మాట అందో ఆ నోరే, అదే వీధిలో, తప్పయిపోయిందని అనాలి. అది వినేదాకా అతనికి తిన్నది ఒంటబట్టదు.

“విప్పు మరి, చూస్తావేం?”

“అయ్యగారొచ్చిందాకా ఇప్పను.”

“ఆయనెందుకు?”

“దొంగదాని మొగుణ్ణి గదమ్మా. రేపు ఈ ఇంట్లో మేకు పోయినా నా మీదికే వచ్చిద్ది.”

ఆవిడ మూతి ముడుచుకుని అవతలికి పోయింది. ధనుంజయరావు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు.

“మెయిను తీసేశానయ్యగారూ, భయం లేదు. తమరే చెయ్యి పెట్టి చూడండి,” అన్నాడు యోబు.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, లోపల తడిమాడు. “చక్రం పక్కన ఏదో ఇరుక్కుందోయ్!” అంటూ బయటికి లాగి కుళాయి కింద కడిగాడు. వంకరపోయిన బంగారు ముక్క, దాని మధ్య ఎర్రరాయి.

“ఇది నీ ముక్కుపుడక కదూ?” అన్నాడు భార్యతో.

వీరరాఘవమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. మొహం తెల్లగా పాలిపోయింది. యోబు వైపు చూసింది. అతను తాపీగా చేతులు తుడుచుకుంటున్నాడు.

“ఇది... ఇది...”

“నీదా, కాదా?”

“నాదే,” అంది చివరికి, వినీ వినపడకుండా.

“మరి ఇన్నాళ్ళూ చప్పుడు రాలేదేం?” అన్నాడు ధనుంజయరావు.

“ఏ మూలో పడుండి, ఇప్పుడు చక్రం కిందికి జారి ఉంటదయ్యా,” అన్నాడు యోబు.

ఇంజనీరుకు కోపం ముంచుకొచ్చింది. “నువ్వే సింకులో పారేసుకుని ఒక ఆడదాన్ని పోలీసుల పాలు చేశావా? నేనూ తక్కువ తినలేదులే. పేకాటరాయుడని మీ తమ్ముడు పున్నారావును అనుమానించి, మన గడప తొక్కొద్దన్నాను. పాపం, వాణ్ణి రమ్మని రేపే సత్తెనపల్లికి ఉత్తరం రాయి. ముందు నడు, పాపమ్మ ఇంటికి.”

“ఇక్కడికే పిలిపిద్దామండీ.”

“అన్నది వీధిలో కదా? వీధిలోనే చెప్పు.”

మిట్టమధ్యాహ్నం ఇంజనీరుగారి భార్య క్వార్టర్ల వీధిలోకి నడిచొస్తుంటే, తింటున్నవాళ్ళు ఎంగిలి చేతులతోనే బయటికొచ్చారు. పాపమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

“నాదే పొరపాటు. పాపమ్మ తియ్యలేదు,” అంది వీరరాఘవమ్మ నేల చూస్తూ.

“ఆ చివరింటోళ్ళకి ఇనపళ్ళేదంటమ్మగారూ,” అన్నాడు యోబు, చాలా మర్యాదగా.

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఈసారి చేతులు జోడించి, గట్టిగా చెప్పింది. పాపమ్మ ‘పర్లేదమ్మా’ అనలేదు. “సరే, ఇంక పోండి,” అంది. యోబుకు మూడు నెలల తర్వాత ఆకలేసింది.

జనం చెదిరిపోయాక పాపమ్మ తలుపు దగ్గరేసి, అన్నం వడ్డించింది. యోబు ముద్ద కలుపుతూ ఆగాడు.

“నీ దుద్దులు కరిగించి కంసాలితో చేయించిన పుడక అది. ఆమెకి చూడంగానే తెలిసిపోయిందే! నువ్వు చెప్పావని ఆ సోమవారం మిషన్లో ఏశాగానీ, ‘ఇది నాది కాదు’ అని ఒక్క మాట అనుంటే నా గతేంది?”

పాపమ్మ మజ్జిగ పోస్తూ నవ్వింది.

“ఎట్టా అంటది, అసలుది తమ్ముడి చేతిలో పెడతా నా కంటబడి బిత్తరపోయిందిగా!”